ఓడరేవు నగరాన్ని ఉత్తరం వైపు నుంచి తొక్కాలి

తెలుగువాళ్లు చెన్నైకి వెళ్లినంతగా మరే పొరుగు నగరానికీ వెళ్లి ఉండరు. పెళ్లి పట్టుచీరలకు త్యాగరాయనగర్, వైద్యానికి పెద్ద ఆసుపత్రులు, వీసాకు కాన్సులేటు, సాయంత్రం పిల్లలతో మెరీనా తీరం, రాత్రికి తిరుగు రైలు. ఇంతటితో ఊరు చూసినట్టే లెక్క. తరాల తరబడి ఇంత రాకపోకలున్నా, ఇది ఓడరేవు నగరమన్న సంగతి మన ప్రయాణాల్లో ఎక్కడా తగలదు. నెల్లూరు జిల్లాలో పుట్టి బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న నాకు కూడా నిన్నమొన్నటి వరకు ఈ నగరం అంతవరకే తెలుసు. సంక్రాంతి వెళ్లిన తర్వాత ఒక శనివారం పగలంతా సైకిల్ మీద తిరిగాక నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. తెలియని ఓడరేవు నగరాన్ని ఒక్క రోజులో అర్థం చేసుకోవడానికి సైకిల్‌ను మించిన వాహనం లేదు; ఆ నగరం చెన్నై అయితే ఆ ప్రయాణం ఓడరేవుకు ఉత్తరాన మొదలై దక్షిణాన ముగియాలి. ఈ రెండో మాట మొదటిదానికంటే ముఖ్యం. ఎందుకో వివరంగా చెబుతాను.

పాత చాకలిపేటలో మా అత్తయ్యగారి కుటుంబం చాలా ఏళ్లుగా ఉంటోంది. ఆ ఇంట్లో నా ఈడు బావ ఉన్నాడు. నా ఆలోచన విని, “ఆ పక్క ఏముంది బావా చూసేదానికి? లారీలు, దుమ్ము, చేపల కంపు. కారు తీస్తా, మహాబలిపురం పోయొద్దాం పద” అన్నాడు. ఉత్తర చెన్నైలోనే పుట్టి పెరిగి, అక్కడే వ్యాపారం చేసుకుంటూ, ఊరికి వచ్చిన చుట్టాన్ని మాత్రం దక్షిణానికే తీసుకుపోవాలనుకోవడం అతనొక్కడి తీరు కాదు. పర్యాటకులకిచ్చే పటాలు చాలావరకు సెంట్రల్ స్టేషన్ దగ్గరే ఆగిపోతాయి. ఆ పైన ఉన్న రాయపురం, కాసిమేడు, తండయారుపేట, తిరువొత్తియూరు నగరానికి వెనక దొడ్డిలాంటివన్న భావన అక్కడ ఉండేవాళ్లలో కూడా పాతుకుపోయింది. నేను పట్టు విడవకపోయేసరికి బావ తన కొడుకు సైకిల్‌కు గాలి కొట్టించి ఇచ్చాడు. గేర్లు లేని హెర్క్యులిస్ అది. చెన్నైకి అంతకంటే అక్కరలేదు, ఊరంతా సముద్రమట్టానికి ఆరేడు మీటర్ల ఎత్తులో పరుచుకున్న చదును నేల.

ఓడరేవు విషయంలో ముందుగా తెలుసుకోవలసింది, దాన్ని మనం నేరుగా చూడలేమన్నది. చెన్నై రేవు చుట్టూ ఎత్తయిన ప్రహరీ ఉంది. పాసు లేనిదే లోపలికి రానివ్వరు. రాజాజీ సాలై మీద ఆ గోడ వెంట పోయేవారికి క్రేన్ల పైభాగాలు కనబడతాయి గాని నీళ్లు కనబడవు. కాబట్టి రేవును అది చేసిన పనిని బట్టి తెలుసుకోవాలి. ఆ పని గోడకు అటూ ఇటూ కిలోమీటర్ల పొడవున తీరమంతా పరుచుకుని ఉంది. తిరువొత్తియూరు నుంచి అడయారు నది ముఖం దాకా 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నడిచేవాడికి అది ఒక పగటి పని కాదు. కారులో పోయేవాడికి అద్దాలు మూసి ఉంటాయి. గాలి దిశ తెలియదు, ఉప్పు వాసన ఎక్కడ మొదలై ఎక్కడ డీజిల్ వాసనగా మారిందో తెలియదు, తీరం రోడ్డుకు దగ్గరైందో దూరమైందో గమనించేలోపు రెండు సిగ్నళ్లు దాటిపోతాడు. సైకిల్ మీద ఉన్నవాడికి తీరం రోడ్డును ఒరుసుకునే చోటు, వందల మీటర్లు వెనక్కి తగ్గే చోటు ఒకే పూటలో, ఒకే ఒంటితో అనుభవానికి వస్తాయి. నేను చెప్పదలచుకున్నదంతా ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

దిక్కు ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. తెల్లవారుజామున గాలి మందంగా ఉన్నప్పుడే ఉత్తరానికి తొక్కేసి, పొద్దెక్కాక దక్షిణానికి తిరిగితే మిగిలిన రోజంతా గాలి వీపు మీదే ఉంటుంది, సముద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. ఈ తీరానికి వచ్చే తెరచాప ఓడలు కూడా ఏ నెలలో ఏ వైపుకు పోవాలో ఈ గాలుల లెక్క మీదే చూసుకునేవి.

కాసిమేడు చేపలరేవుకు వెలుగు రాకముందే చేరాలి. గేటు దగ్గర సైకిల్ దిగి నడిపించుకుంటూ లోపలికి వెళ్లాను. తడి నేల మీద చేపల ట్రేలు, వేలం పాడేవాళ్ల కేకలు, పక్కపక్కన ఒరుసుకుంటూ నిలబడ్డ మరబోట్లు. అక్కడ నన్ను చాలాసేపు నిలబెట్టింది చేపలు కాదు, ఐసు. మినీ లారీ వెనక తలుపు తెరిచారు. లోపల మనిషి నడుమెత్తు ఐసు దిమ్మెలు నిలువుగా పేర్చి ఉన్నాయి. ఒకతను కొక్కెం తగిలించి దిమ్మెను లాగి, తడి చెక్క మీదుగా జార్చి, మరలోకి తోస్తున్నాడు. మర కీచుమంటూ దాన్ని నమిలి, లావుపాటి గొట్టంలోంచి పొడి ఐసును బోటు అడుగునున్న అరలోకి చిమ్ముతోంది. దిమ్మె అంచులు అద్దంలా ఉన్నాయి, నడిమధ్యన నిలువునా తెల్లటి పొర ఉంది. మరలోకి పోయేముందు ఒక్క క్షణం ఆ పొర మీద ట్యూబులైటు వెలుగు పడుతుంది. ఎన్ని రోజులు సముద్రంలో ఉండాలన్నది ఎంత డీజిల్ పోశారు, ఎంత ఐసు నింపారు అన్నదాన్ని బట్టే తేలుతుంది.

ఆ బోటు అంచున కూర్చుని వల చిక్కులు విప్పుతున్న పెద్దాయన నేను ఫోనులో మాట్లాడడం విని, “ఏ ఊరు బాబూ మీది?” అని తెలుగులో అడిగాడు. తనది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక పల్లె అని చెప్పాడు. “మాకాడ రేవు నేదు బాబూ. ఏటకెళ్లొచ్చినాక బోటు కట్టుకోడానికి చోటుండాల కదా. అందుకే ఇక్కడికొచ్చేసినాం” అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం ఉండే 61 రోజులూ ఊళ్లో గడిపి, మళ్లీ ఇక్కడికే వస్తారట. తన ఊరి ముందు సముద్రం ఉండి కూడా రేవు లేక ఇంత దూరం వచ్చిన మనిషితో మాట్లాడాక, ఓడరేవు కట్టడమే తప్పన్న మాట ఎవరూ అనలేరు, నేనూ అనను. నా వాదన ఓడరేవు మీద కాదు. దాని లాభం ఒక పక్కన, దాని నష్టం మరో పక్కన పడిన సంగతి చూడకుండా నగరం చూశామనుకోవడం మీద.

కాసిమేడు దాటి ఉత్తరానికి తీరం వెంట సాగే రోడ్డు ఎన్నూరు వైపు పోతుంది. కంటైనర్ లారీలు ఎక్కువగా తిరిగే రోడ్డు అది. తెల్లవారుజామున తప్ప సైకిల్‌తో అక్కడికి పోవద్దని ఎవరికైనా చెబుతాను. కుడి చేతి వైపు సముద్రం ఉంటుంది, కాని తీరం ఉండదు. రోడ్డు పక్కన కొద్దిపాటి జాగా, దాని అంచున మనిషెత్తు బండరాళ్లు, రాళ్ల అవతల నేరుగా అలలు. కొన్నిచోట్ల సముద్రంలోకి అడ్డంగా రాతి కట్టలు వేసి, వాటి మధ్య కాస్త ఇసుక నిలిచేలా చేశారు. ఆ పిడికెడు ఇసుకలోనే నాటుపడవలు, వలలు, కూర్చుని మాట్లాడుకునే మనుషులు. ఇంటి గుమ్మం నుంచి రాళ్ల కట్ట దాకా ఉన్న ఆ కొద్ది జాగాలోనే ఒకామె చేపలు ఎండబెట్టుకుంటోంది. వల ఆరబెట్టుకోవడానికి, పడవ లాగిపెట్టుకోవడానికి తీరం కావాలి. తీరం లేని చోట జాలరి కుప్పం, అంటే జాలరుల పల్లె, ఉండడమంటే ఏమిటో అక్కడ నిలబడితే తప్ప ఊహకు అందదు. ఈ కుప్పాలు మొదటి నుంచి ఇలా సముద్రానికి ఆనుకుని లేవు. సముద్రమే వీటి దగ్గరికి వచ్చింది, వస్తూ వస్తూ ముందు వరుసల ఇళ్లను తీసుకుపోయింది.

దీనికి కారణం ఇక్కడికి దక్షిణాన కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. సుమారుగా మార్చి నుంచి అక్టోబరు దాకా అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతాయి. ఈశాన్య గాలుల నెలల్లో కొంత ఇసుక వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే చాలా ఎక్కువ. అలాంటి ప్రవాహానికి అడ్డంగా సముద్రంలోకి రాతి గోడలు కడితే, పంట కాలువకు అడ్డంగా గట్టు వేసినట్టే అవుతుంది: ఎగువన నిండుతుంది, దిగువన ఎండుతుంది. మద్రాసు రేవు గోడలకు ఎగువన నిండింది మెరీనా. దిగువన ఎండింది రాయపురం నుంచి ఎన్నూరు దాకా ఉన్న ఈ తీరం. మెరీనా విశాలతను చూసి మురిసిపోయేవాళ్లం ముందుగా ఇక్కడికి రావాలని నేననేది ఇందుకే. ఉత్తరం ముందు చూసి దక్షిణానికి పోతే అక్కడి ఇసుక ఎక్కడిదో మనకు తెలిసి ఉంటుంది. దక్షిణం ముందు చూసినవాడు సాధారణంగా ఉత్తరానికి రానే రాడు.

తిరుగుదారిలో రాయపురం స్టేషన్ ముందు కాసేపు ఆగాను. 1856 జూలై 1న దక్షిణ భారతంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు ఇక్కడి నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. స్తంభాల ముఖభాగంతో ఆ కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. అంతటి స్టేషన్ ముందు నిలబడి చూసేవాడు ఆ ఉదయం నేను తప్ప మరొకరు లేరు. ఆ రైలు పరుగెత్తిన నాటికి ఈ నగరానికి రేవు లేదన్నది గమనించాలి. ఓడలు ఒడ్డుకు చాలా దూరాన లంగరు వేసేవి. మనుషులు, సరుకు అలల మీదుగా పడవల్లోనే దిగాలి. ఆ పడవలకు ఇనుప మేకులు ఉండేవి కావు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు, అల విసిరి కొట్టినా బద్దలవకుండా వంగి తట్టుకునేలా. రెండు శతాబ్దాలకు పైగా ఈ నగరపు వ్యాపారమంతా ఆ కుట్టు పడవలు, వాటిని నడిపిన జాలరుల భుజబలం మీదే సాగింది. రేవు వచ్చాక మొదట పని పోయింది వాళ్లకే, తర్వాత తీరం పోయింది కూడా వాళ్లకే.

రేవు కట్టడం సులువుగా జరగలేదు. 1861లో సముద్రంలోకి ఒక ఇనుప వంతెన వేశారు. 1868లో, 1872లో వచ్చిన తుఫానులు దాన్ని పనికిరాకుండా చేశాయి. తర్వాత 1876లో రెండు పెద్ద రాతి చేతులు సముద్రంలోకి చాచి మధ్యలో నిలకడ నీరు ఉండేలా కట్టడం మొదలుపెట్టారు. పని పూర్తి కావస్తుండగా 1881 నవంబరులో మరో తుఫాను వచ్చి కొట్టేసింది. మళ్లీ కట్టారు. ఓడలు లోపలికి వచ్చే దారి మొదట తూర్పుకు ఉండేది. అలలు, ఇసుక నేరుగా లోపలికి వస్తుండడంతో, 1904లో బాధ్యత తీసుకున్న సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ హయాంలో దాన్ని ఈశాన్యానికి మార్చారు. లోపలికి వచ్చే ఇసుక బాధ ఎలా తప్పించాలన్నదాని మీద ఇంజనీర్లు అంత శ్రద్ధ పెట్టారు. బయట ఆగిపోయిన ఇసుక వల్ల ఉత్తరాన ఏమవుతుందన్నదాని మీద అంత శ్రద్ధ పెట్టి ఉంటే ఈ రాళ్ల కట్టల అవసరం ఇంతగా వచ్చేది కాదని నా నమ్మకం.

రాజాజీ సాలై మీద పాత బ్యాంకు కట్టడం, పెద్ద తపాలా కార్యాలయం, కస్టమ్స్ కార్యాలయం వరుసగా సముద్రం వైపు ముఖం పెట్టి ఉంటాయి. ఒకప్పుడు ఇదే తీరపు మొదటి వరుస. ఇప్పుడు వాటి ఎదుట ఉన్నది రైలు పట్టాలు, రేవు గోడ, 1960ల్లో బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్ల కోసం ఏర్పడిన బర్మా బజారు. విశాఖలో బర్మా క్యాంపు తెలిసినవారికి ఈ దుకాణాల వెనక ఉన్న చరిత్ర వేరే చెప్పనక్కర లేదు.

ప్యారీస్ కార్నర్ దాటి ముందుకు పోతే సెయింట్ జార్జ్ కోట వస్తుంది. నేను ముందు కుడికి తిరిగి జార్జ్ టౌన్ వీధుల్లోకి వెళ్లాను. సైకిల్ గురించిన నా వాదనకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం అక్కడే దొరికింది. ఒక్కో వీధి ఒక్కో సరుకుకు అంకితమైన ఆ పేటలో ఇప్పటికీ సరుకు కదిలేది చాలావరకు తొక్కుడు బండ్ల మీద, తోపుడు బండ్ల మీద. ఆండర్సన్ వీధిలో కాగితం రీములు, గోడౌన్ వీధిలో బట్టల మూటలు, గోవిందప్ప నాయకర్ వీధిలో కిరాణా బస్తాలు. మూడు చక్రాల బండి మీద మూటలు తలెత్తు పేర్చుకుని ఎదురుగా వచ్చే మనిషికి ఎవరు దారి ఇవ్వాలో, ఎంత జరగాలో అక్కడ అందరికీ తెలుసు. అలాంటి వీధిలో కారు పరాయిది, సైకిల్ సొంతది. అన్నట్టు, మనకు తెలిసిన హెర్క్యులిస్, బీఎస్‌ఏ సైకిళ్లను 1949లో మొదలైన టీఐ సైకిల్స్ అంబత్తూరులో తయారుచేసింది. ఆ సంస్థ వెనకున్న మురుగప్ప కుటుంబపు ప్రధాన కార్యాలయం ప్యారీస్ మూలలోని డేర్ హౌస్. నేను తొక్కుతున్న బండి పుట్టింటి గుమ్మం ముందు నుంచే పోతోందని బావకు ఫోను చేసి చెప్పాను.

ఈ వీధుల్లో తెలుగువాడు అతిథి కాదు. 1639 ఆగస్టు 22 నాటి పట్టాతో ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ చోటు ఇచ్చింది వందవాసి ప్రాంతాన్ని ఏలుతున్న దామర్ల వెంకటాద్రి నాయకుడు. కంపెనీ తరఫున మాటలు నడిపిన దుబాసీ బేరి తిమ్మప్ప. లింగిచెట్టి వీధి, తంబుచెట్టి వీధి వర్తకుల పేర్లు మోస్తున్నాయి. 1914లో బొంబాయి నుంచి మద్రాసుకు వచ్చిన ఆంధ్రపత్రిక తంబుచెట్టి వీధి నుంచే వెలువడింది. కాశీనాథుని నాగేశ్వరరావుగారు అమృతాంజనం అమ్మిన డబ్బుతో పత్రిక నడిపిన చోటు అది. కృష్ణా డెల్టా వైపు నుంచి, మా నెల్లూరు వైపు నుంచి ధాన్యం, కట్టెలు బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద ఈ పేటకే చేరేవి. మనకు మద్రాసు అంటే 1952 నాటి రాజధాని వివాదంగానే గుర్తు. అంతకు ముందున్న రేవుతో, కాలువతో, ఈ సందులతో మనవాళ్లకున్న సంబంధాన్ని ఆ ఒక్క జ్ఞాపకం కప్పేసింది. పోగొట్టుకున్న రాజధానిగా కాక, కలిసి కట్టిన రేవు పట్టణంగా చూడడం మొదలుపెడితే చెన్నై మీద మనకున్న పాత కినుక కూడా తగ్గుతుందని నాకు అనిపించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం గురించి చెప్పాలి. చెన్నై ఎండలో, ఆ ట్రాఫిక్‌లో సైకిల్ మీద తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అని చాలామంది అంటారు. ఎండ విషయంలో వాళ్ల మాట నిజమే; ఏప్రిల్, మే నెలల్లో నేనీ సలహా ఎవరికీ ఇవ్వను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, తుఫానులు. మిగిలేవి జనవరి, ఫిబ్రవరి నెలలు. అప్పుడు కూడా మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఉండాలి. ట్రాఫిక్ మాత్రం వేళను బట్టి మారే సంగతి. లారీల రోడ్డును తెల్లవారుజామునే ముగించి, సందుల్లోకి దుకాణాలు తెరిచే వేళకు వచ్చి, వెడల్పాటి తీరపు రోడ్డును సాయంత్రానికి ఉంచుకుంటే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కాని ఇలా వేళలు చూసుకోగలిగింది నాలాగా ఒక్కరోజు వచ్చినవాడే. తండయారుపేట నుంచి రోజూ ఆ లారీల మధ్యే పనికి సైకిల్ తొక్కేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. సైకిల్ దారి అంటూ ఈ నగరంలో వేస్తే మొదట వేయవలసింది ఆ రోడ్డు పక్కనే అని నా అభిప్రాయం.

మధ్యాహ్నం ఒక సత్రం లాంటి భోజనశాలలో పప్పుచారు, అప్పడం, పెరుగుతో భోంచేసి, ఎండ తగ్గాక హైకోర్టు వైపు కదిలాను. ఓడలకు దారి చూపిన దీపాలు ఈ చుట్టుపక్కల ఒక్కో కాలంలో ఒక్కో చోటికి మారాయి. మొదటిది 1796లో కోటలోని మేడ మీద వెలిగింది. ఆ మేడే ఇప్పటి కోట మ్యూజియం. రెండోది 1844లో, ఇప్పటి హైకోర్టు ఆవరణలో ఉన్న రాతి స్తంభం. మూడోది 1894లో, రెండేళ్ల ముందే తెరిచిన హైకోర్టు గోపురం మీద. నాలుగోది మెరీనా దక్షిణపు చివర 1977 నుంచి వెలుగుతున్నది. హైకోర్టు తూర్పు ప్రహరీకి ఒక ఫలకం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ రేవు మీద గుళ్ల వర్షం కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టినప్పుడు, ఒక గుండు పడిన చోటది. రోజుకు వేలమంది దాటిపోయే ఆ గోడ దగ్గర ఆగాలంటే పార్కింగ్ చోటు వెతుక్కోనక్కరలేని బండి మీద ఉండాలి.

కోట ముందు నుంచి, కూవం మీది నేపియర్ వంతెన దాటగానే మెరీనా మొదలవుతుంది. అంతకు ముందు కూడా నేను మెరీనాకు వచ్చినవాణ్ణే. కాని ఉదయం తిరువొత్తియూరు రాళ్ల మీద నిలబడి వచ్చిన కళ్లకు ఆ ఇసుక మరోలా కనబడింది. రోడ్డు నుంచి నీళ్ల దాకా సగటున 300 మీటర్ల వెడల్పు. రేవు గోడలు లేచాకే ఇక్కడ ఇసుక పోగుపడింది. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ నడకదారి వేయించి దీనికి మెరీనా అని పేరు పెట్టాడు. ఇసుక అలా పోగుపడిందనడానికి కళ్లెదుటి రుజువు వివేకానందర్ ఇల్లం. 1842లో దాన్ని కట్టింది ఐసు నిల్వ చేయడానికి. బోస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ వ్యాపారం అది. అక్కడి చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఓడల్లో నింపి సగం ప్రపంచం చుట్టి ఇక్కడికి పంపేవారు. ఒడ్డుకు చేరిన దిమ్మెలు కరిగేలోపు లోపలికి చేర్చాలి కనుక ఆ కట్టడాన్ని సముద్రానికి దగ్గరగా కట్టారు. 1897లో స్వామి వివేకానంద అందులో బస చేశారు. ఈ రోజు ఆ మెట్ల మీద నిలబడితే ముందు రోడ్డు, ఆ తర్వాత తోటలు, ఆ తర్వాత దుకాణాల వరుసలు, ఆ తర్వాత ఎంతో ఇసుక. సముద్రం ఎక్కడో చివర ఒక గీత. ఉత్తరాన ఏళ్ల తరబడి కరిగిన ఇళ్ల జాగా ఎంతో, ఇక్కడ పెరిగిన జాగా ఎంతో లెక్క కట్టనక్కరలేదు, ఒకే పగటిలో రెండూ తొక్కితే చాలు.

తెలుగు పాఠకులకు ఈ సంగతి విశాఖ ద్వారా మరింత బాగా తెలుస్తుంది. 1933లో తెరిచిన విశాఖ రేవు ముఖాన్ని కాపాడడానికి పాత ఓడలు రెండింటిని ముంచి అలలకు అడ్డుకట్ట చేశారు. అక్కడ కూడా ఇసుక ఉత్తరానికే పోవాలి, అక్కడ కూడా రేవు దాన్ని ఆపుతుంది. అయితే విశాఖలో రేవుకు ఉత్తరాన ఉన్నది రామకృష్ణా బీచ్. నగరమంతా సాయంత్రం నడిచే చోటు, పెద్ద హోటళ్లు, మంచి ఇళ్లు ఉన్న చోటు. అందుకే అక్కడ కోత పడగానే అందరికీ తెలుస్తుంది, రేవులో తవ్విన ఇసుకను తెచ్చి ఆ తీరంలో పోస్తారు. చెన్నైలో ఉత్తరాన ఉన్నది జాలరి కుప్పాలు. అక్కడ పోసినవి బండరాళ్లు. ఒకే అలలు, ఒకే ఇసుక. ఒడ్డున ఎవరు ఉన్నారన్నదాన్ని బట్టి పరిష్కారం మారింది. రాయి ఉన్నచోట ఇల్లు నిలుస్తుంది, పడవ నిలవదు. ఇసుక పోయడం ఖర్చుతో కూడిన పనే, ఏటా చేయవలసిన పనే. విశాఖలో చేయదగిన పని రాయపురంలో చేయకూడని పని ఎందుకవుతుందో చెప్పవలసిన బాధ్యత రేవు నడిపేవాళ్ల మీద, ప్రభుత్వం మీద ఉంది.

దీపస్తంభం దాటి, శాంథోమ్ చర్చి తెల్లటి గోపురం పక్కగా, పట్టినపాక్కం మీదుగా అడయారు ముఖం వైపు పోయే దారి రోజులోకెల్లా సుఖమైనది, గాలి అంతా వెనకే ఉంది. ఆ దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, దక్షిణ చెన్నైని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నది ముఖం దగ్గర 1967లో కట్టి 1977లో కూలిన వంతెన నదిలో సగంలో ఆగిపోయి ఉంది. అవతలి ఒడ్డు బెసెంట్ నగర్ వైపు. నాకు తోడుగా మాటలు కలిపిన ఒక కాలేజీ కుర్రవాడు, నేను తిరువొత్తియూరు నుంచి వస్తున్నానంటే నమ్మలేదు, అంత దూరమనా అంటే కాదు, “అక్కడికి ఎందుకు పోయారు సార్?” అన్నాడు. పుట్టింది ఈ నగరంలోనే అయినా రాయపురం దాటి ఎన్నడూ పోలేదట.

ఒక్కరోజులో ఒక నగరం అర్థమవుతుందా అన్నది న్యాయమైన ప్రశ్నే. నగరమంతా అర్థం కాదు. ఎన్నూరు వాగు చూడలేదు, 2001లో మొదలైన కామరాజర్ రేవు చూడలేదు, దాని పక్కనే ఉన్న కాటుపల్లి రేవు చూడలేదు. కాని ఆ రేవులకు ఉత్తరాన ఏం వెతకాలో ఇప్పుడు నాకు తెలుసు. అక్కడి నుంచి ఇసుక పోవలసింది పులికాట్ సరస్సును సముద్రం నుంచి వేరుచేస్తున్న సన్నటి తీరానికి. ఆ సరస్సు చాలావరకు మన తిరుపతి జిల్లాలో ఉంది, ఒకప్పటి మా నెల్లూరు జిల్లాలో. వచ్చే జనవరిలో ఎన్నూరు నుంచి పులికాట్ దాకా తొక్కాలనుకుంటున్నాను. ఆ దారిలో ఇసుక రోడ్లు చాలా ఉంటాయని, సన్న టైర్లు పనికిరావని బావ అప్పుడే చెప్పాడు. లావు టైర్ల బండి ఎక్కడ అద్దెకు దొరుకుతుందో కనుక్కునే పని అతని మీద పెట్టాను.